కమ్మరి కొడుకు నోటుపుస్తకం

మార్చి నెల దగ్గర పడిందంటే మన సంఘాల్లో ఒక దృశ్యం తప్పకుండా కనిపిస్తుంది. ఆదివారం ఆరాధన చివర పదో తరగతి పిల్లలు హాల్‌టికెట్లు, పెన్నులు పట్టుకుని ముందుకు వచ్చి మోకరిస్తారు. పాస్టరుగారు ఒక్కొక్కరి తలమీద చెయ్యుంచి ప్రార్థిస్తారు. వెనక వరుసల్లో తల్లులు కొంగుతో కళ్లు తుడుచుకుంటారు. ఈ ప్రార్థనను మేము ఎన్నడూ తేలిగ్గా తీసుకోము. కూలిపనికి వెళ్లి పిల్లను చదివించుకునే ఇంటికి ఆ పరీక్ష ఎంత బరువో మాకు తెలుసు.

అయితే ఆమెన్ చెప్పాక సోమవారం తెల్లవారుతుంది. పిల్లవాడు రసాయన శాస్త్రం పుస్తకం తెరుస్తాడు. ఆమ్లాలు, క్షారాలు, సంయోజకతలు, తుల్యం చేయవలసిన సమీకరణాలు వరుసగా ఎదురవుతాయి. కంఠత వాక్యాలు వల్లించినట్టు వాటినీ వల్లిస్తాడు. ప్రశ్నలో ఒక్క అంకె మారితే ఆగిపోతాడు. ఆగిన చోట తనలో తాను ఒక తీర్పు చెప్పుకుంటాడు: నాకు జ్ఞాపకశక్తి లేదు, ఈ చదువు నాకు రాదు అని. ఆ తీర్పు విని ఊరుకోవడం మాకు ఇష్టం లేదు. అందుకే ఈ వారం ఒక మనిషి జీవితాన్ని మన పిల్లల ముందు ఉంచుతున్నాము. ఆయనకు బడి చదువు అంతంతమాత్రం. గణితం దాదాపు రాదు. జ్ఞాపకశక్తి గురించి జీవితమంతా బాధపడ్డారు. ఆ మనిషి పేరు మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆయన మైఖేల్ ఫారడే.

ఫారడే 1791 సెప్టెంబరు 22న, ఇప్పుడు లండన్ నగరంలో కలిసిపోయిన న్యూయింగ్టన్ అనే చోట పుట్టాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. కొలిమి పని చేయడానికి ఆరోగ్యం సహకరించేది కాదు. నలుగురు పిల్లల ఇల్లు. 1801 ప్రాంతంలో ధాన్యం ధరలు మండిపోయినప్పుడు ఈ పిల్లవాడికి వారానికి ఒక రొట్టె ఇచ్చేవారని, దాన్నే వారమంతా సర్దుకునేవాడని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. బడిలో నేర్చుకున్నది చదవడం, రాయడం, కూడికలు తీసివేతలు. అంతకుమించి ఏమీ లేదు. ఆ కుటుంబం సాండిమేనియన్లు అనే చిన్న సంఘంతో కలిసి ఆరాధించేది. వాక్యాన్ని ఉన్నదున్నట్టు పాటించాలని, ధనం కూడబెట్టకూడదని, ఆదివారం ఆరాధనల మధ్య కలిసి భోజనం చేయాలని నమ్మిన కొద్దిమంది వారు.

పదమూడో ఏట మైఖేల్ జార్జ్ రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. మొదట వార్తాపత్రికలు ఇంటింటికీ ఇచ్చిరావడం, మరుసటి ఏడాది నుంచి పుస్తకాలకు అట్టలు కట్టడం. ఏడేళ్ల ఒప్పందం. చేతికొచ్చిన పుస్తకానికి అట్ట కడుతూ, లోపల ఏముందో చదివేవాడు. అలా కుట్టిన వాటిలో ఎన్‌సైక్లోపీడియాలోని విద్యుత్తు వ్యాసం ఒకటి. జేన్ మార్సెట్ అనే ఆమె రాసిన రసాయన శాస్త్ర సంభాషణల పుస్తకం మరొకటి. ఒక ఉపాధ్యాయురాలు, ఇద్దరు ఆడపిల్లలు ప్రశ్నలూ జవాబులుగా మాట్లాడుకుంటూ పాఠం నడిపించే పుస్తకం అది.

ఇక్కడ మన పిల్లలు గమనించవలసిన మొదటి సంగతి ఉంది. ఆ కుర్రవాడు పుస్తకంలో ఉన్నదాన్ని కంఠస్థం చేయలేదు. తనకున్న కొద్దిపాటి డబ్బుతో చేయగలిగిన ప్రయోగాలు చేసి, పుస్తకం చెప్పింది నిజమో కాదో చూసుకున్నాడు. నిజమేనని తేలిన తరువాత ఆ పుస్తకాన్ని నమ్మాడు. జేన్ మార్సెట్‌ను తన మొదటి గురువుగా ఆయన ముసలితనం వరకూ గౌరవించారు.

రెండో సంగతి మనకు మరీ దగ్గరిది. మనం పాడుకునే కీర్తనల్లో కొన్నింటికి మూలం రాసిన ఐజక్ వాట్స్‌ను చాలామందికి తెలుసు. ఆయన మనసును ఎలా సాగుచేసుకోవాలన్న దానిపై కూడా ఒక పుస్తకం రాశారు. రీబో దుకాణంలో ఫారడే ఆ పుస్తకం చదివి, అందులోని సలహాలను ఒక్కొక్కటిగా ఆచరణలో పెట్టాడు. చదివిన కొత్త విషయం నోటుపుస్తకంలో రాసుకోవడం. ఉపన్యాసాలకు వెళ్లి వినడం. నేర్చుకున్నదాన్ని ఒక స్నేహితుడికి ఉత్తరంలో వివరించడం. కలిసి చర్చించే నలుగురిని వెతుక్కోవడం. ఉపన్యాసానికి ఒక్కో షిల్లింగ్ రుసుము. కమ్మరి పని చేసే అన్న రాబర్ట్ ఆ డబ్బు ఇచ్చేవాడు. అన్న కొలిమి దగ్గర చెమటోడ్చి తమ్ముడికి ఇచ్చిన ఆ షిల్లింగులు వృథా కాలేదు.

1812 వేసవిలో ఆయన చేసిన ఒక ప్రయోగం గురించి స్నేహితుడు బెంజమిన్ అబ్బాట్‌కు రాసిన ఉత్తరం నేటికీ ఉంది. ఏడు అర్ధపెన్నీ రాగి నాణేలు తీసుకున్నాడు. అంతే పరిమాణంలో ఏడు జింకు బిళ్లలు కత్తిరించాడు. జతజతకూ మధ్య ఉప్పునీటిలో తడిపిన కాగితం పెట్టి దొంతరగా పేర్చాడు. అదే ఆయన బ్యాటరీ. రెండు తీగల్ని ఎప్సమ్ ఉప్పు ద్రావణంలో ముంచాడు. అది మన పుస్తకాల్లో మెగ్నీషియం సల్ఫేటు. తీగల చుట్టూ బుడగలు లేచాయి. రెండు గంటల తరువాత తేటగా ఉన్న ద్రావణం మసకబారింది. ఇరవై ఏళ్ల అట్టల పనివాడు ఒక సమ్మేళనాన్ని విద్యుత్తుతో విడగొట్టాడు. తరువాత ఇరవై సంవత్సరాలకు ఆయన ప్రపంచానికి ఇచ్చిన నియమాలకు బీజం ఆ చిల్లర నాణేల దొంతరలోనే ఉందని మేము అనుకుంటాము.

అదే ఏడాది దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రసిద్ధ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఇచ్చే ఉపన్యాసాలకు టికెట్లు ఇప్పించాడు. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విన్నాడు. వింటూ చిత్తుగా రాసుకున్నాడు. ఇంటికి వచ్చి, పరికరాల బొమ్మలు గీసి, శుభ్రంగా తిరిగి రాశాడు. సుమారు 300 పేజీలు అయ్యాయి. తన చేతులతోనే అట్ట కట్టి, ఉద్యోగం అడుగుతూ డేవీకి పంపాడు. 1813 మార్చిలో ప్రయోగశాల సహాయకుడిగా కొలువు దొరికింది. ఏ ధ్రువపత్రమూ లేని ఆ కుర్రవాడికి ఆ నోటుపుస్తకమే ధ్రువపత్రం అయింది.

అక్కడినుంచి దారి సాఫీగా సాగిందని అనుకోవద్దు. డేవీ దంపతులతో ఐరోపా ప్రయాణం చేసిన ఏడాదిన్నరలో డేవీ భార్య ఆయనను పనివాడిలాగే చూసింది. వెనక్కి వచ్చి సీసాలు కడగడం, ఉపన్యాసాలకు పరికరాలు అమర్చడం, లవణాలు పరీక్షించడం వంటి పనుల్లో ఏళ్లు గడిచాయి. తన మాట తీరు బాగుండదని తెలుసుకుని, ఉచ్చారణ నేర్చుకోవడానికి డబ్బిచ్చి పాఠాలకు వెళ్లారు. 1821లో సంఘంలోని సారా బార్నార్డ్‌ను పెళ్లి చేసుకున్నారు. మరుసటి నెలలోనే సంఘం ఎదుట నిలబడి తన విశ్వాసాన్ని ఒప్పుకుని సభ్యుడయ్యారు. వారికి పిల్లలు కలగలేదు.

ఆ సంవత్సరమే ఒక పత్రిక సంపాదకుడైన మిత్రుడు, విద్యుత్తుకూ అయస్కాంతానికీ ఉన్న సంబంధంపై అప్పటివరకు జరిగిన పనిని సమీక్షిస్తూ వ్యాసం రాయమన్నారు. ఇంకొకరైతే నాలుగు పుస్తకాలు ముందేసుకుని రాసి పంపేవారు. ఫారడే మాత్రం ఇతరులు చేశామన్న ప్రయోగాలను తానే మళ్లీ చేసి చూశారు. అలా చేస్తుండగా, విద్యుత్తు ప్రవహించే తీగ అయస్కాంతం చుట్టూ తిరుగుతుందని కనిపెట్టారు. విద్యుత్ మోటారుకు అది తొలి అడుగు. ఇతరులు రాసిపెట్టిన జవాబును మళ్లీ మొదటినుంచి చేసి చూడడం అనే అభ్యాసం ఎంత దూరం తీసుకువెళుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు తెలియదు.

1823లో క్లోరిన్ వాయువును ద్రవంగా మార్చారు. 1825లో బెంజీన్‌ను కనుగొన్నారు. 1827లో రసాయన ప్రయోగాలను చేత్తో ఎలా చేయాలో చెబుతూ ఒక పెద్ద పుస్తకం రాశారు. తూకం వేయడం, వడకట్టడం, గాజు గొట్టం వంచడం వంటి చిన్న పనులను ఓపికగా వివరించే పుస్తకం అది. 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నారు. అంతకుముందు కొన్నేళ్లుగా చేసిన ప్రయత్నాలు ఫలించలేదని ఆయన దినచర్యే చెబుతుంది.

ఇక పరీక్ష పుస్తకం దగ్గరికి వద్దాము. 1830ల తొలి సంవత్సరాల్లో ఫారడే విద్యుత్ విశ్లేషణ నియమాలను నిర్ధారించారు. ద్రావణంలో ఎంత విద్యుత్తు పంపితే అంత పదార్థం విడుదల అవుతుందన్నది మొదటిది. ఒకే మొత్తం విద్యుత్తు వేర్వేరు పదార్థాలను వాటి తుల్యభారాల నిష్పత్తిలో విడుదల చేస్తుందన్నది రెండోది. లెక్కలో చూద్దాము. 1 గ్రాము హైడ్రోజన్‌ను నీటినుంచి విడగొట్టే విద్యుత్తు, అదే సమయంలో 8 గ్రాముల ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది. అంతే విద్యుత్తును వెండి లవణ ద్రావణంలో పంపితే సుమారు 108 గ్రాముల వెండి పేరుకుంటుంది. మైలుతుత్తం ద్రావణంలో పంపితే సుమారు 32 గ్రాముల రాగి పేరుకుంటుంది. ఆ విద్యుత్తు మొత్తాన్ని నేడు సుమారు 96,500 కూలుంబులని, ఒక ఫారడే అని అంటారు.

బట్టీ పట్టే పిల్లవాడు ఈ అంకెలు కూడా బట్టీ పడతాడు. అభ్యాసం చేసే పిల్లవాడు ఆగి అడుగుతాడు: రాగి పరమాణు భారం 63.5 కదా, మరి 32 ఎందుకు వచ్చింది? వెండికి మాత్రం పూర్తి 108 ఎందుకు? అక్కడే తలుపు తెరుచుకుంటుంది. ఆ ద్రావణంలో వెండి అయాన్ మీద ఒక ఆవేశం, రాగి అయాన్ మీద రెండు ఆవేశాలు ఉంటాయి. రాగికి రెట్టింపు విద్యుత్తు కావాలి కనుక అంతే విద్యుత్తుకు సగమే వస్తుంది. ఆక్సిజన్ 16లో సగం 8 ఎందుకో కూడా ఇదే చెబుతుంది. ఈ ఒక్క సంగతి కాగితం మీద నాలుగుసార్లు చేసి చూసిన పిల్లకు సంయోజకత అర్థమవుతుంది. సంయోజకత అర్థమైతే ఫార్ములా రాయడం వస్తుంది. ఫార్ములా సరిగ్గా రాస్తే సమీకరణం తుల్యం చేయడం భయపెట్టదు. విడివిడి పాఠాలుగా కనిపించేవి ఒకే తాడులోని పోగులు.

ఈ పనికి కొత్త మాటలు అవసరమైనప్పుడు ఫారడే గ్రీకు తెలిసిన స్నేహితులను అడిగారు. వారిలో కేంబ్రిడ్జ్ పండితుడు, దైవసేవకుడు అయిన విలియం హ్యూయెల్ ఒకరు. 1834లో ఎలక్ట్రోడ్, ఆనోడ్, కాథోడ్, అయాన్ అనే మాటలు అలా వాడుకలోకి వచ్చాయి. ఈ మాటల్లో దాగి ఉన్న గ్రీకు పదం హొదోస్. అంటే మార్గం. అపొస్తలుల కార్యములలో తొలి విశ్వాసులు నడిచిన బాటకు వాడిన పదం అదే. యోహాను సువార్తలో ప్రభువు తనను గూర్చి చెప్పుకున్న పదమూ అదే. ఆనోడ్ అంటే పైకి వచ్చే దారి, సూర్యుడు ఉదయించే వైపు. కాథోడ్ అంటే కిందికి దిగే దారి, సూర్యుడు అస్తమించే వైపు. అయాన్ అంటే వెళ్లేది. విద్యుత్తు ద్రావణంలోకి ఆనోడ్ ద్వారా ప్రవేశించి కాథోడ్ ద్వారా బయటికి పోతుందని ఆయన ఊహించి చెప్పారు. ఈ అర్థం తెలిసిన పిల్లలు ఆ రెంటినీ పరీక్షలో తారుమారు చేయరు.

ఇప్పుడు జ్ఞాపకశక్తి సంగతి. ఫారడేకు అది చాలా బలహీనం. దానికి ఆయన వెతుక్కున్న మందు రాత. ప్రతి ప్రయోగాన్ని, ప్రతి సందేహాన్ని, ప్రతి వైఫల్యాన్ని దినచర్యలో రాశారు. 1832 నుంచి ఒక్కో పేరాకు వరుస సంఖ్య వేస్తూ వచ్చారు. ఆ సంఖ్యలు 16,041 వరకు వెళ్లాయి. ముందు రాసినదానికి సంబంధం ఉంటే ఆ సంఖ్య పక్కన వేసేవారు. 1840 ప్రాంతంలో తలతిరుగుడు, మతిమరుపు ఎక్కువై కొన్నాళ్లు పరిశోధన ఆపవలసి వచ్చింది. స్విట్జర్లాండు వెళ్లి విశ్రాంతి తీసుకున్నారు. తిరిగి వచ్చి 1845లో కాంతిపై అయస్కాంత ప్రభావాన్ని కనుగొన్నారు. గురుత్వాకర్షణకూ విద్యుత్తుకూ సంబంధం ఉందేమోనని చాలా ప్రయత్నించి, ఏమీ దొరకకపోతే, దొరకలేదనే 1850లో వ్యాసం సమర్పించారు. తప్పయిన లెక్కను కొట్టేసి దాచుకునే మన పిల్లలు ఆ మాట గుర్తుంచుకోవాలి. తప్పు ఎక్కడ జరిగిందో నోటుపుస్తకంలో ఉంటేనే రేపు దాన్ని దిద్దుకోగలం.

ఆయన పిల్లల్ని మరచిపోలేదు. 1827 నుంచి 1860 వరకు 19 సార్లు క్రిస్మస్ సెలవుల్లో చిన్నవారికోసం ఉపన్యాసాల వరుసలు ఇచ్చారు. వాటిలో కొవ్వొత్తి గురించిన ఆరు ఉపన్యాసాలు లోకప్రసిద్ధం. క్రిస్మస్ రాత్రి ఆరాధనలో మనం చేతపట్టుకునే కొవ్వొత్తి వంటిదే. మంటమీద చల్లని వస్తువు ఉంచి నీటి బొట్లు చూపించారు. మంటనుంచి వచ్చే వాయువు సున్నపుతేటను పాలలా తెల్లబరుస్తుందని చూపించారు. మనం విడిచే ఊపిరి కూడా అదే పని చేస్తుందని చూపించారు. కొవ్వొత్తి కరిగి మాయమైపోలేదు. వేరే రూపంలోకి మారింది. సమీకరణం తుల్యం చేయడమంటే ఇదే. ఒక మీథేన్ అణువు మండాలంటే రెండు ఆక్సిజన్ అణువులు కావాలి. ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు, రెండు నీటి అణువులు వస్తాయి. ఎడమవైపు నాలుగు హైడ్రోజన్ పరమాణువులు, కుడివైపు నాలుగు. ఎడమవైపు నాలుగు ఆక్సిజన్ పరమాణువులు, కుడివైపు నాలుగు. ఐదు రొట్టెలు పంచాక మిగిలిన ముక్కలు పోగుచేయించిన ప్రభువును ఎరిగిన మనకు, ఏదీ నష్టపోకుండా లెక్క చూసుకోవడం కొత్త కాదు.

1862లో బడుల విచారణకు నియమించిన ప్రభుత్వ సంఘం ఎదుట ఆయన సాక్ష్యమిచ్చి, ఉన్నత పాఠశాలల్లో విజ్ఞాన శాస్త్రం నేర్పాలని గట్టిగా కోరారు. అప్పటికి ఆ పెద్ద బడుల్లో లాటిన్, గ్రీకు చదువులదే రాజ్యం. నేడు మన పల్లె బడిలో సైన్సు పీరియడ్ ఉండడం వెనక ఇలాంటివారి పోరు ఉంది.

విశ్వాసం సంగతి కూడా సూటిగా చెప్పాలి. ఫారడే తన సంఘంలో రెండు విడతలు పెద్దగా సేవచేశారు. రోగులను, పేదలను చూడడానికి వెళ్లేవారు. 1844లో కొన్ని వారాలపాటు సంఘం ఆయనను వెలివేసింది. లోకమంతా మెచ్చిన శాస్త్రవేత్త అలిగి వెళ్లిపోలేదు. లోబడి, తిరిగి చేర్చుకోబడ్డారు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని వద్దన్నారు. అయితే ప్రార్థించాను కనుక ప్రయోగం ఫలిస్తుందని ఆయన ఎన్నడూ భావించలేదు. విశ్వాసాన్ని ప్రయోగాల రుజువులతో నిలబెట్టాలనీ చూడలేదు. దేవుడు చేసిన సృష్టిలో నియమం ఉందని నమ్మారు. దాన్ని కనుగొనడానికి చేతులతో పనిచేశారు. మనకు ఇష్టమైనదే నిజమని మనసు మోసం చేస్తుందని 1854లో విద్యమీద చేసిన ప్రసంగంలో హెచ్చరించారు. చదివినట్టే ఉందన్న భ్రమకు కూడా ఆ హెచ్చరిక వర్తిస్తుంది. పుస్తకం మూసి, తెల్లకాగితం మీద రాసి చూసుకుంటే తప్ప వచ్చిందో రాలేదో తెలియదు.

ముసలితనంలో ఆయన జ్ఞాపకం బాగా దెబ్బతింది. 1867 ఆగస్టు 25న, హాంప్టన్ కోర్టులో రాణి ఇచ్చిన ఇంట్లో కుర్చీలో కూర్చునే కన్నుమూశారు. లండన్‌లోని హైగేట్ శ్మశానంలో, పేరూ తేదీలూ మాత్రమే చెక్కిన సాదా రాయికింద ఉన్నారు.

పిల్లలారా, మీరు ఈ వారాల్లో చేయగలిగింది ఇది. రోజుకు ఒక పాఠం తీసుకోండి. ముందు మీ మాటల్లో రాయండి. సమీకరణాలను చూడకుండా రాసి, రెండు వైపులా పరమాణువులు లెక్కపెట్టండి. తప్పులకు విడిగా ఒక నోటుపుస్తకం పెట్టండి. మీకు అర్థమైనదాన్ని పక్కింటి స్నేహితుడికో, తమ్ముడికో వివరించండి. వివరించలేకపోతే అక్కడికే మళ్లీ వెళ్లండి.

తల్లిదండ్రులారా, సంఘ పెద్దలారా, ఒక్క మనవి. హాల్‌టికెట్ల మీద చెయ్యుంచడంతో మన పని ముగియలేదు. పరీక్షలు అయ్యేవరకు సాయంత్రాలు మందిరం తలుపు తెరిచి, దీపం వేసి, పిల్లల్ని కూర్చోబెట్టండి. సంఘంలో సైన్సు చదివిన యౌవనస్థులుంటే వారానికి రెండు గంటలు అడగండి. రాబర్ట్ ఇచ్చిన షిల్లింగు మన చేతిలోనూ ఉంది. ఫలితాల రోజున మెమోలో ఏ అంకె వచ్చినా, మొదట బిడ్డను దగ్గరికి తీసుకోండి. ఏటా ఆ రోజుల్లో మనం వినే చావు కబుర్లు ఇంకే ఇంటా వినకూడదు. తప్పిన పరీక్ష మళ్లీ రాయవచ్చు. ఫారడేకు అసలు ఏ పరీక్షా రాసే అవకాశమే రాలేదు.

ప్రభువు మన పిల్లల మనసులను తేటపరచి, వారి చేతుల కష్టాన్ని ఆశీర్వదించును గాక.